ముందుగా అయిపోయే పదార్థం ఏది? ప్రఫుల్ల చంద్ర రే జీవితం చెప్పే రసాయన పాఠం

అది 1896వ సంవత్సరం. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాల ప్రయోగశాలలో ఒక పాత్ర అడుగున పాదరసం ఉంది. దానిపైన బాగా నీళ్లు కలిపి పలుచన చేసిన నైట్రిక్ ఆమ్లం ఉంది. వేడి చేయలేదు, కలియబెట్టలేదు. మెర్క్యురస్ నైట్రేట్ అనే లవణాన్ని కాస్త ఎక్కువ మొత్తంలో తయారుచేసుకోవాలన్నది అక్కడి అధ్యాపకుని ఉద్దేశం. ఆ లవణానికి రంగు ఉండదు. కానీ పాత్రలో పాదరసం మీద పసుపుపచ్చని స్ఫటికాలు పేరుకోవడం ఆయన కంటపడింది.

మరొకరైతే ఆ పసుపును మలినమని కడిగి పారబోసి ఉండవచ్చు. ఆయన దాన్ని వేరుచేసి, ఆరబెట్టి, విశ్లేషించారు. అది మెర్క్యురస్ నైట్రైట్ అని తేలింది. ఆ ఫలితాన్ని బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించడంతో ప్రఫుల్ల చంద్ర రే పేరు ఐరోపా రసాయన శాస్త్రజ్ఞుల దృష్టిలో పడింది.

ఈ కథలో సాధారణంగా ఎవరూ పట్టించుకోని అంశం ఒకటుంది. ఆ పాత్రలో పాదరసం అవసరానికి మించి ఉంది, ఆమ్లం మాత్రం తక్కువగా ఉంది. ఆ పాళ్లే ఫలితాన్ని నిర్ణయించాయి. ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రంలో విద్యార్థులను తికమకపెట్టే పరిమిత కారకం, సైద్ధాంతిక దిగుబడి అనే రెండు భావనలు ఆ పాత్రలోనే ఉన్నాయి. ఆయన జీవితాన్ని పరిశీలిస్తే, ప్రయోగశాల బయట కూడా ఆయన అదే లెక్కను అనుసరించారనిపిస్తుంది.

రారులి నుంచి ఎడిన్‌బరోకు

ప్రఫుల్ల చంద్ర రే 1861 ఆగస్టు 2న, నేడు బంగ్లాదేశ్‌లోని ఖుల్నా ప్రాంతానికి చెందిన రారులి గ్రామంలో జన్మించారు. తండ్రి హరీశ్ చంద్ర రే భూస్వామి, విద్యాభిమాని. తల్లి భువనమోహినీ దేవి. పిల్లల చదువుల కోసం 1870లో కుటుంబం కలకత్తాకు తరలివచ్చింది. బాలుడు హేర్ పాఠశాలలో చేరాడు.

1874లో తీవ్రమైన రక్తవిరేచనాల వ్యాధి సోకడంతో బడి మానవలసి వచ్చింది. స్వగ్రామంలో గడిపిన ఆ రెండేళ్ల కాలంలో తండ్రి గ్రంథాలయమే ఆయనకు బడి అయింది. జబ్బు నయమైనా జీర్ణశక్తి మాత్రం పూర్తిగా కోలుకోలేదు. మితాహారం, వేళ తప్పని దినచర్య, తగినంత విశ్రాంతి జీవితాంతం ఆయనకు తప్పనిసరి అయ్యాయి.

తిరిగి కలకత్తా వచ్చి ఆల్బర్ట్ పాఠశాలలో చదివి, ఆపై ఈశ్వరచంద్ర విద్యాసాగర్ నెలకొల్పిన మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరారు. అక్కడ రసాయన ప్రయోగశాల లేకపోవడంతో ప్రెసిడెన్సీ కళాశాలకు వెళ్లి అలెగ్జాండర్ పెడ్లర్ ఉపన్యాసాలు వినేవారు. చరిత్ర, సాహిత్యాల మీద మక్కువ ఉన్న యువకుణ్ణి రసాయన శాస్త్రం వైపు మళ్లించినవి ఆ ఉపన్యాసాలే. అప్పటికి కుటుంబ ఆస్తి తరిగిపోతోంది. విదేశీ విద్యకు ఇంటి నుంచి డబ్బు వచ్చే దారి లేదు. పోటీ పరీక్షలో నెగ్గి గిల్‌క్రిస్ట్ ఉపకార వేతనం సంపాదించి, 1882లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి బయలుదేరారు. అలెగ్జాండర్ క్రమ్ బ్రౌన్ వద్ద శిక్షణ పొంది, 1887లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా అందుకున్నారు.

1888లో స్వదేశానికి తిరిగి వచ్చాక దాదాపు ఏడాదిపాటు ఉద్యోగం దొరకలేదు. ఆ కాలంలో ఎక్కువ భాగం జగదీశ్ చంద్ర బోస్ ఇంట గడిచింది. ఉన్నత విద్యాసేవలోని పదవులు ఆచరణలో ఆంగ్లేయులకే దక్కేవి. ఎంత చదివినా భారతీయులకు ప్రాంతీయ సేవే గతి. 1889లో ప్రెసిడెన్సీ కళాశాలలో నెలకు 250 రూపాయల జీతంపై తాత్కాలిక సహాయ ఆచార్య పదవి లభించింది. అర్హతకు కొదవ లేదు, కొదవ ఉన్నది అవకాశానికి. ఈ తేడా ఆయన మనసులో బలంగా నాటుకుంది.

పాదరసం, ఆమ్లం: ఒక లెక్క

రసాయన చర్యలో పదార్థాలు తమకు తోచిన పాళ్లలో కలవవు. ఎన్ని అణువులకు ఎన్ని అణువులు అన్నది సమీకరణమే నిర్ణయిస్తుంది. దోసెల పిండికి మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు మినప్పప్పు అనుకుందాం. ఇంట్లో బస్తాడు బియ్యం ఉన్నా, పప్పు రెండు గ్లాసులే ఉంటే ఆరు గ్లాసుల బియ్యానికే పని. మిగిలిన బియ్యం బస్తాలోనే ఉండిపోతుంది. ఇక్కడ పప్పే పరిమిత కారకం. ఇంగ్లిషు మాధ్యమంలో చదివినవారు లిమిటింగ్ రియేజెంట్ అని గుర్తుపెట్టుకునేది దీన్నే.

రే ఆనాడు తయారు చేయదలచిన మెర్క్యురస్ నైట్రేట్‌కే ఈ లెక్కను అన్వయించవచ్చు. పలుచని నైట్రిక్ ఆమ్లంతో పాదరసం జరిపే చర్యకు పాఠ్యపుస్తకాలు ఇచ్చే సమీకరణం ప్రకారం 6 మోల్‌ల పాదరసం, 8 మోల్‌ల నైట్రిక్ ఆమ్లంతో చర్య జరిపి 3 మోల్‌ల మెర్క్యురస్ నైట్రేట్‌ను ఇస్తుంది. దానితోపాటు 2 మోల్‌ల నైట్రిక్ ఆక్సైడ్ వాయువు, 4 మోల్‌ల నీరు వెలువడతాయి. ఒక మోల్ పాదరసం బరువు 200.6 గ్రాములు. ఒక మోల్ నైట్రిక్ ఆమ్లం 63 గ్రాములు. స్ఫటిక జలాన్ని లెక్కలోకి తీసుకోకుంటే ఒక మోల్ మెర్క్యురస్ నైట్రేట్ 525 గ్రాములు.

పాత్రలో 100 గ్రాముల పాదరసం, నీటిలో కలిపిన 21 గ్రాముల ఆమ్లం ఉన్నాయనుకుందాం. ఈ అంకెలు రే నోటుపుస్తకంలోవి కావు, లెక్క సులువు కోసం తీసుకున్నవి. 21 గ్రాముల ఆమ్లం అంటే మోల్‌లో మూడో వంతు. 8 మోల్‌ల ఆమ్లానికి 6 మోల్‌ల పాదరసం చొప్పున దానికి కావలసిన పాదరసం పావు మోల్, అంటే సుమారు 50 గ్రాములు. మిగతా 50 గ్రాములకు పని లేదు. ఆమ్లం అయిపోగానే చర్య ఆగిపోతుంది. ఏర్పడగల లవణం మోల్‌లో ఎనిమిదో వంతు, అంటే 65.6 గ్రాములు. ఇదే సైద్ధాంతిక దిగుబడి. ఆ పాత్రలో మరో కిలో పాదరసం పోసినా ఈ అంకె ఒక్క గ్రాము కూడా పెరగదు.

విద్యార్థులు సాధారణంగా ఇక్కడే ఒక పొరపాటు చేస్తారు. బరువు తక్కువగా ఉన్నదే పరిమిత కారకం అనుకుంటారు. ఇదే పాత్రలో 21 గ్రాములకు బదులు 45 గ్రాముల ఆమ్లం ఉందనుకోండి. 100 గ్రాముల పాదరసానికి కావలసిన ఆమ్లం సుమారు 42 గ్రాములే. ఇప్పుడు ముందుగా అయిపోయేది, బరువులో రెండింతలకు పైగా ఉన్న పాదరసమే. కనుక బరువులను నేరుగా పోల్చరాదు. ముందు వాటిని మోల్‌లుగా మార్చి, ఆపై సమీకరణం అడిగే నిష్పత్తితో సరిచూడాలి.

ఏది తక్కువ అన్న ప్రశ్న పరిమాణానికే పరిమితం కాదు. కొన్నిసార్లు ఏ పదార్థం తయారవుతుందో కూడా అదే నిర్ణయిస్తుంది. పాదరసం మిగిలే స్థితిలో మెర్క్యురస్ లవణాలు ఏర్పడతాయి. ఆమ్లమే ఎక్కువైతే మెర్క్యురిక్ లవణం వస్తుంది. ఉన్నవి అవే రెండు పదార్థాలు, ఫలితం మాత్రం వేరు. రేకు దొరికిన పసుపు స్ఫటికాలు పాదరసం పుష్కలంగా ఉండి, ఆమ్లం పలుచగా, చల్లగా ఉన్న స్థితిలో ఏర్పడినవే.

సైద్ధాంతిక దిగుబడి అన్నది సమీకరణం పూర్తిగా నిజమైతే వచ్చే అంకె. పైన చెప్పిన సమీకరణంలో నైట్రైట్ అనే మాటే లేదు. అయినా పాత్రలో అది కనిపించింది. లెక్కలో లేనిది కంటికి కనబడినప్పుడు రే లెక్కను పక్కనబెట్టి కంటిని నమ్మారు. అప్పటిదాకా ఆయన భారతదేశపు అరుదైన ఖనిజాలలో మూలకాల ఆవర్తన పట్టికలోని ఖాళీలను నింపగల కొత్త మూలకాల కోసం వెదుకుతున్నారు. ఆ పసుపు స్ఫటికాలతో ఆయన పరిశోధన నైట్రైట్‌ల వైపు మళ్లింది.

మేడ మీద ఎముకలు

దీనికి నాలుగేళ్ల ముందే, 1892లో, అప్పర్ సర్క్యులర్ రోడ్డులోని 91వ నంబరు అద్దె ఇంట్లో ఆయన మరో ప్రయత్నం మొదలుపెట్టారు. పెట్టుబడి 700 రూపాయలు. పేరు బెంగాల్ కెమికల్ వర్క్స్. పగలు కళాశాలలో పాఠాలు చెప్పి, సాయంత్రం మందుల తయారీలో మునిగేవారు. పట్టభద్రులైన యువకులు గుమాస్తా కొలువుల కోసం కాళ్లరిగేలా తిరగడం ఆయన్ను బాధించింది. దేశంలో ముడిసరుకు ఉంది, చదువుకున్న చేతులూ ఉన్నాయి, పని కల్పించే పరిశ్రమే లేదన్నది ఆయన నిర్ధారణ.

కాగితం మీద వేసిన దిగుబడి లెక్కకూ బజారు లెక్కకూ ఉన్న దూరం ఆయనకు అక్కడే తెలిసివచ్చింది. నిమ్మరసం నుంచి సిట్రిక్ ఆమ్లం తీయాలని ప్రయత్నించారు. రసాయన శాస్త్రం ప్రకారం అది సాధ్యమే. కానీ కలకత్తా నిమ్మకాయల ధరకు అది గిట్టుబాటు కాలేదు.

తర్వాత పశువుల ఎముకల వంతు వచ్చింది. ఎముకలను కాల్చి బూడిద చేస్తే అందులో ప్రధానంగా ఉండేది కాల్షియం ఫాస్ఫేట్. దానిపై సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే కరిగే ఫాస్ఫేట్ వస్తుంది. దాన్ని సోడాతో చర్య జరిపిస్తే మందుల్లో వాడే సోడియం ఫాస్ఫేట్ తయారవుతుంది. కసాయి దుకాణాల నుంచి తెప్పించిన ఎముకలను ఆయన మేడ మీద ఆరబెట్టారు. అకాల వర్షం కురిసి అవి కుళ్లాయి. దుర్గంధం భరించలేక ఇరుగుపొరుగువారు గొడవకు దిగారు. ఎముకలను ఊరి అంచుకు తరలించి అక్కడ కాల్పించవలసి వచ్చింది.

ఈ చర్యలోనూ పరిమిత కారకం ఉంది. 310 కిలోల కాల్షియం ఫాస్ఫేట్‌కు 196 కిలోల శుద్ధ సల్ఫ్యూరిక్ ఆమ్లం కావాలి. చేతిలో 98 కిలోల ఆమ్లమే ఉంటే ఆ ఫాస్ఫేట్‌లో సగమే చర్య జరుపుతుంది, మిగతా సగం బూడిదగానే మిగిలిపోతుంది. 234 కిలోలు రావలసిన కరిగే ఫాస్ఫేట్ 117 కిలోలకే పరిమితమవుతుంది. నగరంలో ఎముకలకు లోటు లేదు, ఎన్ని బండ్లయినా దొరుకుతాయి. చర్యను ముందుకు నడపవలసింది ఆమ్లం. ఎముకల బండ్లను పెంచినంత మాత్రాన ఉత్పత్తి పెరగదు. తర్వాతి కాలంలో మానిక్‌తలాలోని కొత్త కర్మాగారంలో సంస్థ స్వయంగా సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారీ చేపట్టడంలోని విలువ ఈ లెక్క తెలిసినవారికి వెంటనే బోధపడుతుంది.

ఆ దారిలో నష్టాలు తప్పలేదు. తొలినాటి సహచరుల్లో ఒకరైన సతీశ్ చంద్ర సిన్హా ప్రమాదవశాత్తూ హైడ్రోసయానిక్ ఆమ్లం విషానికి బలయ్యారు. సంస్థకు వెన్నుదన్నుగా నిలిచిన వైద్యుడు అమూల్య చరణ్ బోస్‌ను 1898లో ప్లేగు పొట్టనబెట్టుకుంది. ఆ ఇద్దరి లోటును ఏ ముడిసరుకూ తీర్చలేదు. పని ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. రే దాన్ని ఆగనివ్వలేదు. 1901లో అది పరిమిత బాధ్యత సంస్థగా బెంగాల్ కెమికల్ అండ్ ఫార్మాస్యూటికల్ వర్క్స్ పేరుతో స్థిరపడింది.

చేతికి చిక్కని లవణం

పాఠ్యపుస్తకం చెప్పే మూడో మాట వాస్తవ దిగుబడి. ప్రయోగం ముగిశాక నిజంగా చేతికి వచ్చే పదార్థం బరువు అది. మొదటి ఉదాహరణలో 65.6 గ్రాములు రావలసిన చోట 52.5 గ్రాములే దొరికితే దిగుబడి 80 శాతం. మిగతాది వడపోత కాగితానికి అంటుకుని ఉండవచ్చు, ద్రావణంలో కరిగి ఉండిపోవచ్చు, లేదా పక్కచర్యలో మరో పదార్థంగా మారిపోయి ఉండవచ్చు. లోటు ఎంత అన్నది తీసివేత చెబుతుంది. ఎక్కడికి పోయిందన్నది పరిశోధన చెప్పాలి.

అమ్మోనియం నైట్రైట్ విషయంలో రే ఎదుర్కొన్నది ఈ సవాలే. సిల్వర్ నైట్రైట్, అమ్మోనియం క్లోరైడ్ ద్రావణాలను కలిపితే సిల్వర్ క్లోరైడ్ అడుగున దిగి, అమ్మోనియం నైట్రైట్ ద్రావణంలో మిగులుతుంది. లెక్క ప్రకారం 154 గ్రాముల సిల్వర్ నైట్రైట్‌కు 64 గ్రాముల అమ్మోనియం నైట్రైట్ రావాలి. కానీ ద్రావణాన్ని మామూలుగా వేడిచేసి లవణాన్ని తీయబోతే అది నైట్రోజన్ వాయువుగా, నీరుగా విడిపోతుంది. పాత్రలో మిగిలేది శూన్యం. ఇక్కడ లోపం క్రియాజనకాల పాళ్లలో లేదు, పదార్థపు అస్థిరతలో ఉంది.

రే, ఆయన శిష్యులు పీడనాన్ని బాగా తగ్గించి, తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఆ లవణాన్ని ఉత్పతనం చెందించారు. దాని ఆవిరి సాంద్రతను కూడా కొలిచారు. 1912లో లండన్‌లో ఈ ఫలితాలను వెల్లడించినప్పుడు అక్కడి శాస్త్రజ్ఞుల ప్రశంసలు దక్కాయి. కంటికి కనబడకముందే చెదిరిపోయే పదార్థమన్న పేరున్న లవణం, ఆవిరి రూపంలో కొలతకు నిలిచింది.

దేశానికి లోటైనది ఏమిటి?

రే ప్రాచీన భారతీయ గ్రంథాలను శోధించి హిందూ రసాయన శాస్త్ర చరిత్రను రెండు సంపుటాలుగా రచించారు. మొదటి సంపుటం 1902లో వెలువడింది. పాదరసాన్ని కేంద్రంగా చేసుకున్న రసవిద్య ఈ దేశంలో శతాబ్దాల క్రితమే వర్ధిల్లిందని అందులో చూపారు. ఆ విద్యకు ప్రతీకగా నిలిచిన పేరు నాగార్జునుడు. తెలుగునాట శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టిన రససిద్ధుడు ఆయనే. తర్వాతి కాలంలో రసాయన పరిశోధనకు ఒక పురస్కారం నెలకొల్పేందుకు రే విశ్వవిద్యాలయానికి విరాళమిచ్చినప్పుడు, దానికి నాగార్జునుని పేరే పెట్టారు.

గతం ఘనమైనదే. ప్రతిభకూ లోటు లేదు. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్, జ్ఞానచంద్ర ఘోష్, నీలరతన్ ధర్ వంటి వారు ఆయన తరగతి గదిలో కూర్చున్నవారే. మరి ముందుగా అయిపోతున్నది ఏది? పరిశోధక విద్యార్థికి నెల గడిచే ఆసరా, పనిచేసుకునే బల్ల, తన ఫలితాలను ప్రకటించే పత్రిక, తన భాషలో శాస్త్రం. రే ఒక్కొక్కదాన్నీ సమకూర్చే పనికి పూనుకున్నారు.

1916లో ప్రెసిడెన్సీ నుంచి విరమించి, కలకత్తా విశ్వవిద్యాలయపు కొత్త సైన్స్ కళాశాలలో రసాయన శాస్త్రానికి తొలి పాలిత్ ఆచార్యునిగా చేరారు. తారక్‌నాథ్ పాలిత్ విరాళంతో ఏర్పడిన ఆ పీఠాన్ని భారతీయులకే కేటాయించారు. 1889లో అర్హత ఉండీ ఎదురుచూసిన వ్యక్తికి ఆ నిబంధన విలువ వేరుగా చెప్పనవసరం లేదు. 1921లో అరవై ఏళ్లు నిండాక తన జీతాన్ని ఇక తీసుకోకుండా, రసాయన విభాగపు అభివృద్ధికీ విద్యార్థుల ఉపకార వేతనాలకూ విశ్వవిద్యాలయానికే వదిలిపెట్టారు. 1924లో ఇండియన్ కెమికల్ సొసైటీ ఏర్పడినప్పుడు తొలి అధ్యక్షుడయ్యారు. భారతీయ పరిశోధకులు తమ పత్రాల కోసం లండన్ వైపే చూడవలసిన అగత్యం అలా తగ్గింది. ఇంగ్లిషు రాజ్యమేలుతున్న కాలంలోనే తరగతిలో బెంగాలీలో పాఠం చెప్పేందుకు ఆయన వెనుకాడలేదు. విద్యార్థి శక్తిలో అధిక భాగం విషయానికి కాక భాషకే ఖర్చవుతోందని ఆయన గుర్తించారు.

1921లో ఖుల్నా కరువు, 1922లో ఉత్తర బెంగాల్ వరదలు సంభవించినప్పుడు ప్రయోగశాల వదిలి సహాయ కార్యక్రమాలకు నాయకత్వం వహించారు. వివాహం చేసుకోలేదు. సైన్స్ కళాశాలలోని ఒక గదే ఆయన ఇల్లు. ఖద్దరు దుస్తులు, మితాహారం, చుట్టూ విద్యార్థులు. 1919లో సర్ బిరుదు వచ్చినా, ప్రజల నోట ఆయన ఆచార్య రేగానే నిలిచిపోయారు. 1936లో ఆచార్య పదవి నుంచి విరమించాక కూడా ఆ గది విడువలేదు. 1944 జూన్ 16న, బెంగాల్ కరువు మిగిల్చిన గాయాలు ఇంకా మానకముందే, అక్కడే కన్నుమూశారు.

700 రూపాయలతో మొదలైన సంస్థ 1980లో జాతీయం అయింది. లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ 2011లో ఆయన కృషికి గుర్తుగా రసాయన చారిత్రక ఫలకాన్ని అందజేసింది. జ్ఞానచంద్ర ఘోష్ ఖరగ్‌పూర్ ఐఐటీకి తొలి డైరెక్టర్‌గా పనిచేశారు. రే జీతం వదులుకున్న నాటి నుంచి ఎందరు విద్యార్థులు ఆ డబ్బుతో చదువు కొనసాగించారో సమీకరణాలు చెప్పలేవు.

పరిమిత కారకం లెక్క పరీక్షలో రెండు మూడు మార్కుల ప్రశ్న. దాన్ని సాధించే విద్యార్థి ముందుగా అడగవలసింది ఏది ఎక్కువగా ఉందని కాదు, ఏది ముందుగా అయిపోతుందని. మేడ నిండా ఎముకలు పరచి ఆమ్లం వెతుక్కున్న ఆచార్యుడు, తన చుట్టూ ఉన్న యువకులను చూసి అడిగిన ప్రశ్న కూడా అదే. జవాబు తెలిశాక ఆయన ఆ లోటును తన జీతంతో పూడ్చారు.